రోహిణి కార్తెలో ఆదివారం: విచారణలో విశ్రాంతి ఎవరికి?

ఏప్రిల్ రెండో వారానికల్లా విజయవాడ చుట్టుపక్కల కథోలిక గుడుల తలుపు పక్కన ఒక చేతిరాత కాగితం కనబడడం మామూలే. ఆదివారం ఉదయం ఏడున్నరకు జరిగే దివ్యబలిపూజ (కథోలికుల ప్రధాన ఆరాధన) ఇక నుంచి ఆరు గంటలకే మొదలవుతుందనీ, సాయంత్రం పూజ పొద్దు వాలాక ఉంటుందనీ, బడులు తెరిచేవరకు ఇవే వేళలనీ దాని మీద రాసి ఉంటుంది. చూడడానికి అది వేళల మార్పు మాత్రమే. అయితే మనిషికి విశ్రాంతి ఎందుకు, అది ఎవరి హక్కు, దేవుడి సన్నిధిలో సేదదీరడానికీ ఇంట్లో పంకా కింద నడుం వాల్చడానికీ ఉన్న సంబంధం ఏమిటి అన్న ప్రశ్నలను శ్రీసభ (కథోలిక సంఘం) శతాబ్దాలుగా తేల్చుకుంటూ రాగా మిగిలిన ఫలితాలలో ఆ కాగితం ఒకటి. వేసవిలో విచారణ జీవితం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ మూడు ప్రశ్నలనూ కలగలిపేస్తూ ఉంటాం. (విచారణ అంటే పోలీసులు చేసేది కాదు, పూజ జరిపే ఒక గురువు ఆలనలో ఉండే కథోలికుల స్థానిక సంఘానికి తెలుగు శ్రీసభలో స్థిరపడిన పేరు.) వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడడమే ఇక్కడి ప్రయత్నం.

మొదటి చిక్కు పంచాంగంలోనే ఉంది. వేసవిలో విచారణ ఎలా నెమ్మదిస్తుందో, ఆధ్యాత్మికంగా ఎలా సేదదీరాలో చెప్పే రచనలు ఎక్కువగా ఐరోపా, అమెరికాల నుంచి వస్తాయి. అక్కడి వేసవి జూన్‌లో మొదలై ఆగస్టుతో ముగుస్తుంది. ఆరాధన పంచాంగంలో ఆ నెలలు దాదాపుగా సామాన్య కాలం కిందికి వస్తాయి, అంటే గురువు ఆకుపచ్చ వస్త్రాలు ధరించే నిదానమైన రోజులు. పోపులు సైతం 17వ శతాబ్దం నుంచి ఆ ఎండలకు రోము దగ్గరి కాస్టెల్ గాండోల్ఫోకు వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. ఫ్రాన్సిస్ పోపు ఆ అలవాటును పక్కన పెట్టగా, 14వ లియో పోపు 2025 జూలైలో మళ్ళీ అక్కడికి వెళ్ళారు. మన సంగతి వేరు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యే నాటికి మనం సాధారణంగా తపస్కాలంలో (లెంట్) ఉంటాం, ఎండ ముదిరేసరికి యేసు శ్రమలనూ మరణాన్నీ స్మరించే పవిత్ర వారం వస్తుంది, మే నెల చాలావరకు పాస్క (ఈస్టర్) కాలంలోనే గడుస్తుంది. పాస్క పండుగ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఏ ఆదివారమైనా రావచ్చు, దానికి యాభయ్యో రోజైన పెంతెకోస్తు (పవిత్రాత్మ పండుగ) మే 10కీ జూన్ 13కీ మధ్య పడుతుంది. ఆ లెక్కన ఆంధ్ర కథోలికుడికి వేసవి ఖాళీ కాలం కానే కాదు. ఏడాదిలోని అతి కఠినమైన ఉపవాసమూ, అతి పెద్ద సంబరమూ రెండూ అతనికి ఎండలోనే వస్తాయి. రోము సెలవు తీసుకునే జూలైలో ఇక్కడ నారుమళ్ళు పోస్తూ ఉంటారు, ఫిరంగిపురంలో కార్మెల్ మాత ఉత్సవాలకు జనం బారులు తీరుతారు. కాబట్టి పడమటి దేశాల వేసవి సలహాలను ఉన్నవి ఉన్నట్టుగా గుంటూరు విచారణకు అప్పగిస్తే అవి సరిపోవు.

ఉపవాసం మాటకే వద్దాం. 2025లో పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఏప్రిల్ 18న వచ్చింది. ఆ రోజున 18 ఏళ్ళు నిండినవారు మొదలుకొని 60వ ఏట అడుగుపెట్టేవరకు ఉపవాసం ఉండాలని శ్రీసభ ధర్మశాస్త్రం చెబుతుంది. ఒక పూట నిండు భోజనం, మిగతా రెండు పూటలా కొద్దిపాటి ఆహారం, మాంసం లేకుండా: నియమం ఇంతవరకే. నీళ్ళు మానమని ఎక్కడా లేదు. అయినా మా ప్రాంతంలో నీళ్ళు కూడా ముట్టకుండా, యేసు శ్రమలను స్మరించే సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ మిట్టమధ్యాహ్నం నడిచి కళ్ళు తిరిగి పడిపోయే పెద్దవాళ్ళు ఏటా కనబడతారు. వారి భక్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గానీ, నియమం ఎక్కడ ఆగిందో తెలియకపోవడాన్ని త్యాగం అనడం నాకు ఎప్పుడూ సరిగా తోచలేదు.

నీళ్ళ విషయంలో ఈ పొరపాటుకు ఒక చారిత్రక కారణం ఉంది. 20వ శతాబ్దం నడుమ వరకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) స్వీకరించేవారు అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు సైతం తాగకూడదన్న నియమం ఉండేది. బెజవాడ మేత్రాసనం (ఒక బిషప్ పాలనలోని ప్రాంతం) ఏర్పడిన 1937లోనూ, గుంటూరు మేత్రాసనం ఏర్పడిన 1940లోనూ అదే అమల్లో ఉంది. పల్లె నుంచి గుడికి నాలుగు మైళ్ళు నడిచి వచ్చే కూలి మనిషి మే నెలలో గొంతు తడుపుకోకుండా పూజ ముగిసేదాకా నిలబడాలి. గురువుకూ అదే కట్టడి కాబట్టి పూజలు తెల్లవారుజామునే జరిగేవి, సాయంత్రం పూజ అన్నది మామూలుగా ఊహకు అందని సంగతి. 12వ పయస్ పోపు 1953లో నీటికి మినహాయింపు ఇచ్చి, 1957లో ఉపవాసాన్ని మూడు గంటలకు తగ్గించి సాయంత్రం పూజలకు దారి తెరిచారు. 1964లో 6వ పాల్ పోపు దాన్ని ఒక్క గంటకు కుదించారు. ఇప్పటి ధర్మశాస్త్రంలో నీళ్ళూ మందులూ ఉపవాసాన్ని భంగపరచవు, వృద్ధులకూ రోగులకూ వారిని చూసుకునేవారికీ ఆ గంట నియమం కూడా లేదు. గుడి తలుపు పక్కన కాగితం మీద సాయంత్రం పూజ వేళ రాయగలుగుతున్నామంటే దానికి మూలం ఈ మార్పులే. శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారం పూజలో పాల్గొనాల్సిన బాధ్యత తీరినట్టేనన్న 1983 ధర్మశాస్త్రం మాటనూ దీనికి జతచేయాలి. ఎండకు భయపడే ముసలివారికి ఈ సంగతి ఇంకా చాలాచోట్ల ఎవరూ చెప్పలేదు.

శరీరాన్ని లెక్కలోకి తీసుకోవడం ఆధ్యాత్మికతకు తక్కువతనం అనుకునేవారికి 6వ శతాబ్దంలో బెనెడిక్టు అనే సన్యాసి మఠాల కోసం రాసిన నియమావళి మంచి జవాబు. కఠినమైన జీవితానికి పేరుబడిన ఆ నియమావళిలో వేసవికి వేరే లెక్క ఉంది. రాత్రులు చిన్నవి కనుక పాస్క పండుగ నుంచి నవంబరు వరకు రాత్రి ప్రార్థనలో గ్రంథ పఠనాలు తీసేసి, జ్ఞాపకం నుంచి ఒక చిన్న పాఠం చెబితే చాలన్నారు. పొలం పని ఉన్నా, ఎండ మరీ ఎక్కువగా ఉన్నా బుధ శుక్రవారాల ఉపవాసాన్ని సడలించవచ్చన్నారు. పాస్క నుంచి అక్టోబరు మొదలుదాకా మఠవాసులు ఉదయం పనిచేసి, తర్వాత చదువుకుని, పూట భోజనం అయ్యాక తమ తమ పడకల మీద నిశ్శబ్దంగా విశ్రమించాలని, చదువుకోదలచినవారు పక్కవాడికి ఇబ్బంది కలగకుండా చదువుకోవాలని 48వ అధ్యాయం చెబుతుంది. స్పెయిన్ వాళ్ళ మధ్యాహ్నపు కునుకుకు ఉన్న 'సియెస్టా' అనే పేరు కూడా రోమన్ల ఆరవ గంట నుంచి, అంటే మిట్టమధ్యాహ్నం నుంచి పుట్టినదే. మన నాయనమ్మలు మధ్యాహ్నం వసారాలో గచ్చు మీద నీళ్ళు చల్లి, తడి ఆరాక తలకింద చేయి పెట్టుకుని పడుకునేవారు. ఆ పడక బెనెడిక్టు మఠంలో ప్రార్థన వేళల పట్టికలో ఒక భాగంగానే ఉండేది.

ఇక్కడే ఒక అనుమానం వస్తుంది. ఏడు మూల పాపాలలో సోమరితనం ఒకటి కదా, మరి మధ్యాహ్నపు పడక సోమరితనం కాదా? ఈ ముడి విప్పాలంటే ఆ పాపానికి తొలుత ఉన్న పేరు దగ్గరికి వెళ్ళాలి. గ్రీకులో దాన్ని 'అకీదియా' అన్నారు. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో జీవించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి దాన్ని మధ్యాహ్నపు దయ్యం అని వర్ణించాడు. కీర్తనల గ్రంథంలో మధ్యాహ్నం పాడుచేసే తెగులు అన్న మాటను గ్రీకు, లాటిన్ అనువాదాలు మధ్యాహ్నపు దయ్యంగా మార్చాయి, ఎవాగ్రియస్ అక్కడి నుంచే ఆ పేరు తీసుకున్నాడు. సుమారు ఉదయం పది నుంచి రెండు దాకా ఆ దయ్యం సన్యాసిని పట్టుకుంటుందట. అప్పుడు సూర్యుడు కదలనట్టు, పగటికి యాభై గంటలున్నట్టు అనిపిస్తుంది. మాటిమాటికీ కిటికీలోంచి చూడబుద్ధవుతుంది, పలకరించేందుకు ఎవరైనా వస్తే బాగుండుననిపిస్తుంది, ఉన్న చోటు మీదా చేసే పని మీదా విరక్తి పుడుతుంది, ఇంకెక్కడికైనా పోతే బాగుపడతాననిపిస్తుంది. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం బెజవాడలో గడిపినవారికి ఈ వర్ణన అర్థం చేసుకోవడానికి ఎడారికి వెళ్ళే పనిలేదు. ఒక్క తేడా ఏమిటంటే, ఎవాగ్రియస్ కాలపు సన్యాసి కిటికీ వైపు చూశాడు, మనం ఫోను వైపు చూస్తాం.

ఆ వర్ణనలో నిద్ర ముఖ్యం కాదన్నది గమనించాలి. ఆ సన్యాసిని పట్టిన జబ్బు కుదురులేనితనం. 13వ శతాబ్దంలో తోమాసు అక్వినాసు అనే వేదాంతి దీన్ని ఇంకా స్పష్టం చేశాడు. దేవుని ప్రేమ ఇచ్చే ఆనందం పట్ల విసుగే ఈ పాపమనీ, విశ్రాంతి దినాన్ని పవిత్రంగా ఆచరించమన్న ఆజ్ఞకే ఇది విరుద్ధమనీ అన్నాడు, ఎందుకంటే ఆ ఆజ్ఞ మనసును దేవునియందు విశ్రమించమంటోంది. ఈ మాటను నిదానంగా చదివితే మన అలవాటైన లెక్క తారుమారవుతుంది. విశ్రాంతి తీసుకోలేకపోవడమే ఈ సోమరితనానికి అసలు లక్షణమని తేలుతుంది. కునుకు తీసిన కూలి మనిషి దీనికి దూరంగా ఉండవచ్చు, తెల్లవారింది మొదలు ఒక కార్యక్రమం నుంచి ఇంకో కార్యక్రమానికి పరుగెత్తే విచారణ కార్యకర్త దీనికి చాలా దగ్గరగా ఉండవచ్చు.

విశ్రాంతి దినపు ఆజ్ఞ బైబిలులో రెండు చోట్ల, రెండు వేర్వేరు కారణాలతో ఉందన్న సంగతి విశ్వాస బోధ నేర్పే సత్యోపదేశ తరగతుల్లో తొందరగా దాటిపోయే విషయాలలో ఒకటి. నిర్గమకాండం 20వ అధ్యాయంలో కారణం సృష్టి: దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజు విశ్రమించాడు కనుక నువ్వూ విశ్రమించాలి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో కారణం ఐగుప్తు: నువ్వు అక్కడ బానిసగా ఉన్నావు, దేవుడు నిన్ను విడిపించాడు, కనుక నీ పనివాడూ పనికత్తే నీలాగే విశ్రమించాలి. మొదటి కారణాన్ని మాత్రమే పట్టుకుంటే విశ్రాంతి నాకూ దేవునికీ మధ్య జరిగే సొంత వ్యవహారంగా మిగిలిపోతుంది. రెండవ కారణాన్ని కలిపితే అది ఇంకొకరికి నేను తీర్చవలసిన బాకీ అవుతుంది. విచారణలో వేసవి విశ్రాంతి గురించి నాకు చెప్పాలనిపించేదంతా ఈ రెండవ కారణం చుట్టూనే తిరుగుతుంది. ధ్యానకేంద్రాల కరపత్రాలలో మొదటిది తరచుగా కనబడుతుంది, రెండవది చాలా అరుదు.

ఆదివారాన్ని మొదట సెలవు చేసింది రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటీన్. 321లో ఆయన ఇచ్చిన ఆజ్ఞ న్యాయాధికారులకూ పట్టణవాసులకూ చేతిపనివారికీ ఆ రోజున పని మాన్పించింది. రైతులను మాత్రం మినహాయించింది, విత్తడానికో కోయడానికో తగిన అదను పోతే తిరిగి రాదన్నది అందుకు చెప్పిన కారణం. గుంటూరు జిల్లా మిరప పొలాల్లో ఆ మినహాయింపు నేటికీ నడుస్తోంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. ఎండ పెరిగేకొద్దీ కాయ ఎండుతుంది, కూలీల కొరత పెరుగుతుంది, ఆదివారమని ఆగితే పక్క ఊరి వాళ్ళు వచ్చి కోసేస్తారు. మా మేత్రాసనాల్లో విశ్వాసులలో చాలామంది దళిత కుటుంబాలవారు, వారిలో ఎందరో వ్యవసాయ కూలీలు. ఉదయం ఆరు గంటల పూజ వారికి ఎండ తగలకుండా చేసిన ఏర్పాటని మనం అనుకుంటాం, కానీ కోతల రోజుల్లో ఆరు గంటలకు వారు ఆటోలోనో ట్రాక్టరులోనో పొలానికి చేరి ఉంటారు. వేళ మార్చి మనం సుఖపెట్టింది ఎవరినో ఒకసారి లెక్క చూసుకోవలసిందే.

మే నెల వచ్చేసరికి కథ ఇంకో వైపు తిరుగుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా వేసవి సెలవులు ఇస్తారు. వ్యాపారికి అది ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్ళే వీలు. బస్తాలు మోసే హమాలీకీ, తొడిమలు తీసే ఆడకూలికీ అది కూలి లేని కాలం. సెలవు అన్న ఒకే మాట ఒకరికి విశ్రాంతినీ ఇంకొకరికి పస్తునూ ఇస్తోంది. జీతం ఆగకుండా దొరికే తీరికనే ద్వితీయోపదేశకాండం చెప్పే విశ్రాంతిగా నేను చదువుకుంటాను, ఎందుకంటే ఐగుప్తులో బానిసకు పని లేని రోజంటూ ఉన్నా అది అతని చేతిలోది కాదు. 1891లో 13వ లియో పోపు కార్మికుల గురించి రాసిన లేఖలో ఆదివారపు విశ్రాంతిని యజమాని దయగా కాక కార్మికునికి చెందవలసినదిగా నిలబెట్టారు. పోపుగా ఎన్నికైనవారు 2025లో లియో అనే పేరు ఎంచుకోవడానికి ఆ లేఖను కూడా ఒక కారణంగా చెప్పారు. శ్రీసభ బోధనలను కూర్చిన 1992 నాటి సత్యోపదేశ గ్రంథం 2186వ పేరాలో ఇంకా సూటిగా ఉంది: తీరిక దొరికిన క్రైస్తవులు, అవే అవసరాలూ అవే హక్కులూ ఉండి కూడా పేదరికం వల్ల విశ్రమించలేకపోతున్న సోదరులను గుర్తుంచుకోవాలి. ఆ తర్వాతి పేరా, మన విశ్రాంతి కోసం ఇంకొకరి చేత అనవసరంగా పని చేయించి వారి ఆదివారాన్ని పాడుచేయవద్దంటుంది.

ఎండ ప్రాణాలకే ముప్పు తెచ్చే చోట ఈ మాటలకు బరువు ఎక్కువ. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో వృద్ధులూ ఆరుబయట పనిచేసేవారూ ఎక్కువ. బెజవాడను బ్రిటిషు కాలం నుంచి సరదాగా 'బ్లేజ్‌వాడ' అంటూ వచ్చారు, కానీ రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెతలో సరదా లేదు.

మా నాయనమ్మ ఆదివారం సూది పట్టేది కాదు. చిరిగిన చొక్కా సోమవారందాకా అలాగే ఉండాల్సిందే. అది చాదస్తమని మేము నవ్వేవాళ్ళం గానీ, దానికి ఆధారం ఉంది: 1917 ధర్మశాస్త్రం ఆదివారాల్లో 'దాస్యపు పనులు' నిషేధించింది, నీతిశాస్త్ర బోధకులు కుట్టుపనిని ఆ పద్దులో వేశారు. 1983లో ఆ పదబంధం పోయింది. ఆరాధనకూ, ప్రభువు దినపు ఆనందానికీ, మనసుకూ శరీరానికీ కావలసిన సేదకూ అడ్డొచ్చే పనులను మానుకోవాలని 1247వ నిబంధన ఇప్పుడు చెబుతోంది. పని ఏ జాతిదన్నది వదిలేసి, అది మనిషిని ఏం చేస్తోందని అడిగే దిశగా శ్రీసభ జరిగింది. అయితే మా నాయనమ్మ లెక్కలో రెండు చట్టాలకూ అందనిది ఒకటి మిగిలిపోయింది. సూది పట్టని ఆవిడే అదే ఆదివారం, పూజ నుంచి రాగానే పదిమందికి కట్టెల పొయ్యి మీద వంట చేసేది, మే నెలలో అయితే ఆవకాయ ముక్కలు కూడా ఆ రోజే తుడిచేది. అది దాస్యపు పని అని ఎవరికీ తోచలేదు, ఆవిడతో సహా.

విచారణ వేసవిని కూడా నేను ఈ వంటింటి వైపు నుంచే చూస్తాను. బడులకు సెలవులిచ్చీ ఇవ్వకముందే పిల్లలకు సత్యోపదేశ తరగతులు, ప్రథమ దివ్యసత్ప్రసాదానికి సిద్ధపరచడం, పూజలో గురువుకు సాయపడే పీఠబాలుర శిక్షణ, యువతకు శిబిరం, గాయక బృందానికి పాటల సాధన, తపస్కాలంలో ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా. ఇవి అవసరమే, పిల్లలకు ఇంకెప్పుడూ ఇంత తీరిక దొరకదు. కానీ యాభైమంది పిల్లలకు వారం రోజులు మధ్యాహ్న భోజనం వండే నలుగురు స్త్రీలు, షామియానా కట్టి విప్పే మనుషులు, రెండు పూజలకు మధ్య గుడి ఊడ్చే అమ్మ, జీతం నామమాత్రంగా ఉండి ఏ కార్యక్రమం పెట్టినా ముందు పిలుపందుకునే ఉపదేశి (సత్యోపదేశం చెప్పే మనిషి): వీళ్ళ పేర్లు ముగింపు సభలో కృతజ్ఞతల్లో వస్తాయే తప్ప వీళ్ళకు సెలవు ఎప్పుడన్న మాట విచారణ మండలి సమావేశంలో రాదు. నేను కూర్చున్న ఒక సమావేశంలో 'యువతకు ఆధ్యాత్మిక విశ్రాంతి శిబిరం' అని మూడు రోజుల కార్యక్రమం వేశాం. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా ఖాళీ అరగంట లేదు. తయారుచేసిన పట్టికకు ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి ఈ తప్పును ఎవరి మీదా వేయలేను.

మార్కు సువార్త 6వ అధ్యాయంలో ప్రేషిత కార్యం (బోధించడానికి పంపిన పని) నుంచి తిరిగి వచ్చిన శిష్యులతో యేసు, మీరు ఏకాంత స్థలానికి వచ్చి కొంచెంసేపు విశ్రమించండి అంటాడు, తినడానికి కూడా తీరిక లేనంతగా జనం వచ్చిపోతున్నారని సువార్తికుడే కారణం చెబుతాడు. పడవ ఆవలి ఒడ్డు చేరేసరికి జనం ముందే అక్కడ ఉన్నారు. యేసు వారిని చూసి జాలిపడి బోధించడం మొదలుపెట్టాడు. ఈ ఘట్టాన్ని ప్రసంగాల్లో తరచూ 'విశ్రాంతి కన్నా సేవ గొప్పది' అని ముగిస్తారు. వాక్యంలో అలా లేదు. విశ్రమించమని చెప్పింది శిష్యులకు, జనం ముందు నిలబడి బోధించింది యేసు. ఐదువేలమందికి భోజనం పెట్టాక ఆయన శిష్యులను పడవ ఎక్కించి పంపివేసి, తాను ఒక్కడే కొండెక్కి ప్రార్థించాడు. సేవకూ విశ్రాంతికీ మధ్య తగాదా తేల్చడం సువార్తికుడి ఉద్దేశంలా నాకు కనబడదు. శిష్యులు ఎప్పుడు అలసిపోయారో గమనించే గురువు ఒకడున్నాడని మాత్రం కనబడుతుంది.

గురువులకు ఈ విషయంలో ధర్మశాస్త్రం అండగానే ఉంది. విచారణ గురువు ఏడాదికి ఒక నెలకు మించకుండా సెలవు తీసుకోవచ్చని 533వ నిబంధన చెబుతుంది, వార్షిక వడకానికి వెళ్ళే రోజులు ఆ నెలలోకి రావు. (వడకం అంటే మౌనంగా ప్రార్థనలో గడిపే కొన్ని దినాలు, ఈ కాలంవారు రిట్రీట్ అంటారు.) రెండిటినీ విడిగా లెక్కించడంలోనే ఒక తెలివి ఉంది: వడకం సెలవు కాదు, సెలవు వడకం కాదు, మనిషికి రెండూ కావాలి. విశ్వాసులు మాత్రం ఈ రెండిటినీ ఒకటి చేసేసి, ఫాదర్ గారు ఊరికి వెళ్ళారంటే ముఖం ముడుచుకుంటారు, వడకానికి వెళ్ళారంటే సంతోషిస్తారు. మే నెల ఎండలో పత్తి లోదుస్తుల మీద తెల్లటి నిలువుటంగీ, దాని మీద పూజావస్త్రం వేసుకుని మూడు పూజలు చేసే మనిషి పట్ల మనకు ఆ మాత్రం ఓర్పు ఉండాలి. భారతదేశపు గుడుల కోసం 1969 ఏప్రిల్ 25న రోము ఆమోదించిన పన్నెండు అంశాలలో ఒకే అంగీ లాంటి పూజావస్త్రం, ఉత్తరీయం చాలన్న వెసులుబాటు ఉంది, చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం కూడా వాటిలోదే. ఈ రెండవది మన గుడులకు కొత్త కాదు. వేసవిలో దానితో వచ్చే ఇబ్బంది ఒక్కటే, పూజ ముగిసి బయటికి వచ్చేసరికి చెప్పుల దాకా ఉన్న పది అడుగుల గచ్చు కాలిపోతూ ఉంటుంది. తడిపిన గోనెపట్టాలు పరిచిన విచారణను చూస్తే అక్కడి పెద్దలు కళ్ళు తెరుచుకుని ఉన్నారని తెలిసిపోతుంది.

మామూలు విశ్వాసికి వడకం ఎలా కుదురుతుంది? ఎనిమిది రోజులు ధ్యానకేంద్రంలో గడిపే వీలు జీతమూ సెలవూ ఉన్నవారికే. యేసు సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలాకు 16వ శతాబ్దంలోనే ఈ సంగతి తట్టింది. 1548లో పోపు ఆమోదం పొందిన ఆయన ఆధ్యాత్మిక సాధనల ఆరంభ సూచనలలో 19వది, పనులలో మునిగి ఉన్నవారు రోజుకు గంటన్నర చొప్పున ఇంటి దగ్గరే ఆ సాధన చేసుకోవచ్చంటుంది. గంటన్నర కూడా కుదరని ఇళ్ళున్నాయి. మన ఊళ్ళలో ఆ ఖాళీని పూరించింది మే నెల జపమాల. మే నెలను మరియమాతకు అంకితం చేసే ఆచారం ఐరోపా వసంతంలో, పూల కాలంలో పుట్టింది. ఇక్కడ మేలో వసంతం లేదు గానీ మల్లెలున్నాయి, కాబట్టి ఆచారం ఇక్కడి నేలకు బాగానే నప్పింది. మాత స్వరూపం (విగ్రహం) రోజుకొక ఇంటికి వెళుతుంది. పొద్దు వాలాక, రాళ్ళలోంచి వేడి ఇంకా కక్కుతూ ఉండగానే, వీధిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, స్వరూపానికి మల్లెపూల దండ వేసి, జపమాలలోని యాభై మూడు మంగళవార్త జపాలు (మరియమాతను వేడుకునే ప్రార్థనలు) చెబుతారు. చివర మజ్జిగో నిమ్మరసమో ఇస్తారు. ఆ ఇరవై నిమిషాల పునరుక్తిలో ఏమీ సాధించవలసింది లేదు, ఎవరూ మార్కులు వేయరు, పసిపిల్ల ఒడిలో నిద్రపోయినా ఎవరూ కసురుకోరు. ఎవాగ్రియస్ చెప్పిన దయ్యానికి ఇంతకన్నా తగిన విరుగుడు నాకు తెలియదు. ఆతిథ్యం పోటీగా మారి బిర్యానీ పొట్లాల దాకా పోతే మాత్రం మళ్ళీ వంటింట్లో ఎవరో ఒకరు చెమటోడుస్తారు. మజ్జిగతో ఆపాలని కొన్ని విచారణలు తీర్మానించుకున్నాయి, మంచి పని చేశాయి.

పాత నిబంధనలో ఏలీయా ప్రవక్త ఎడారిలో ఒక రోజంతా నడిచి, పొద కింద కూలబడి, చావును కోరుకుంటాడు. దేవదూత అతనికి ఉపదేశమేమీ చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె చూపి, కూజాలో నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. కొండ మీద దేవుని స్వరం వినబడడం ఆ తర్వాతి మాట. గుడి గేటు దగ్గర చలివేంద్రం పెట్టి, కుండలకు తడిగుడ్డ చుట్టి, దారినపోయే రిక్షా మనిషి మతమేదని అడగకుండా నీళ్ళిచ్చే విచారణ యువతకు ఈ ఘట్టాన్ని ఎవరైనా చదివి వినిపించారో లేదో నాకు తెలియదు.

ఈ పాస్క కాలమంతా ముగిసేది పెంతెకోస్తుతో. 2025లో అది జూన్ 8న, మృగశిర ప్రవేశించే రోజుల్లో వచ్చింది. 2026లో మే 24, అంటే రోహిణి గుమ్మంలోనే. ఆ రోజు పూజలో సువార్తకు ముందు తప్పనిసరిగా పాడవలసిన 13వ శతాబ్దపు లాటిన్ గీతం ఒకటి ఉంది. ఆ గీతం పవిత్రాత్మను శ్రమలో విశ్రాంతి అనీ, మండే వేడిలో చల్లదనం అనీ, కన్నీటిలో ఓదార్పు అనీ పిలుస్తుంది. దాన్ని తెలుగులో పాడుతున్నప్పుడు గాయక బృందం వెనుక నిలువు పంకా గరగరమంటూ తల తిప్పుతూ ఉంటుంది, ముందు వరుసల్లో ముసలివాళ్ళు పాటల పుస్తకాలతో విసురుకుంటూ ఉంటారు. వెనుక తలుపు దగ్గర, మెడలో తడి తువ్వాలు వేసుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. ఆ పూట పని మానుకుని వచ్చారో, పని ముగించుకుని వచ్చారో వాళ్ళను అడిగితే తెలుస్తుంది. జూన్ 12న బడులు తెరుస్తారు, ఆ వారంలోనే ఎవరో ఒకరు తలుపు పక్కన కాగితం చింపి పూజ వేళ మళ్ళీ ఏడున్నర అని రాస్తారు.